ఖరీదైన కొమ్మ రంపానికి పెట్టే డబ్బు దండగా, దక్కేదా?

#1 చివురుతోట

సికేచర్‌కు (కొమ్మలు కత్తిరించే చేతి కత్తెరకు) లొంగని కొమ్మల కోసం ఒక మడత రంపం తీసుకుందామని చూస్తున్నాను. ఒకే పొడవున్న రంపాల మధ్య ధరలో నాలుగైదు రెట్ల తేడా ఉంది. బొమ్మల్లో చూస్తే అన్నీ ఒకేలా ఉన్నాయి, రబ్బరు పిడి, 24 సెం.మీ. బ్లేడు, ఒక లాక్ బొత్తం.

పని ఇదీ: 40 పండ్ల చెట్లు, ఏడాదికోసారి కత్తిరింపులు. కొమ్మలు ఎక్కువగా 3 నుంచి 7 సెం.మీ. లావు, అక్కడక్కడ 12 సెం.మీ. దాకా. ఆ అదనపు డబ్బు దేనికి పోతుంది? పేరుకా, కోతలో నిజంగా తేడా ఉంటుందా? మొద్దుబారితే ఆకురాయితో పదును పెట్టుకోవచ్చా?

#2 నిలువుకోత

ఆ డబ్బులో ఎక్కువ భాగం పళ్ళ మీద ఖర్చవుతుందండీ. బొమ్మలో అది కనిపించదు, అందుకే అన్నీ ఒకేలా అనిపిస్తాయి.

చవక రంపంలో పళ్ళను రేకు మీద అచ్చుతో గుద్ది తీస్తారు. అంచుకు కాస్త సాన పట్టి, ఒక పన్ను ఎడమకూ ఒక పన్ను కుడికీ వంచుతారు. వడ్రంగులు సెట్టు వేయడం అంటారే, అదే. ఆ వంపు లేకపోతే బ్లేడు గాడిలో ఇరుక్కుంటుంది. కానీ హడావుడిగా వంచిన పళ్ళ కొనలు ఒక గీత మీద ఉండవు. బయటికి పొడుచుకొచ్చినవి చెక్కను కోయకుండా పీకుతాయి. కోసిన ముఖం మీద వేలు పెడితే నారలు లేచి గరుకుగా తగులుతుంది.

మంచి రంపంలో ఒక్కో పన్నుకు మూడు ముఖాలు సాన పడతారు. రెండు పక్క అంచులు, కొన దగ్గర ఇంకో చిన్న ఏటవాలు. భూతద్దం పెట్టి చూస్తే ప్రతి పన్నూ ఒక చిన్న చాకు మొనలా ఉంటుంది. వీటిని పక్కలకు వంచరు. మరి ఇరుక్కోదా అంటే, బ్లేడునే పళ్ళ దగ్గర మందంగా, వెన్ను వైపు పల్చగా ఉండేలా సాన పట్టి తీస్తారు. పళ్ళు తీసిన గాడి వెన్నుకు వదులుగా ఉంటుంది కాబట్టి బ్లేడు ఒరుసుకోదు. రేకును గుద్దడం క్షణంలో అయ్యే పని. బ్లేడంతా ఏటవాలుగా సాన పట్టి, ప్రతి పన్నుకూ మూడు సార్లు చక్రం తాకించడం అలాంటిది కాదు.

ఇక చేతికి తెలిసే లెక్క. సెట్టు వేసిన పళ్ళ గాడి వెడల్పు 2.2 మి.మీ., సాన బ్లేడు గాడి 1.5 మి.మీ. అనుకోండి. అదే కొమ్మకు మొదటి రంపం దాదాపు సగం ఎక్కువ చెక్కను పొట్టు చేయాలి. ఆ పని భుజం మీదే పడుతుంది. రోజుకు పది కోతలైతే పట్టించుకోనక్కర్లేదు. వంద దాటితే సాయంత్రానికి చెయ్యి లేవదు.

ఇంకోటి, ఈ రంపాలన్నీ లాగినప్పుడు కోసేవి. లాగేటప్పుడు బ్లేడు తీగలా బిగుస్తుంది కాబట్టి పల్చగా ఉన్నా వంగదు. నెడితే కోసే రంపానికి మందమైన బ్లేడు తప్పదు. సన్న గాడి సాధ్యమయ్యేది లాగే రంపంలోనే.

#3 రంపపుపొట్టు

పై మాటల్లో తప్పు లేదు. కానీ అడిగినవారి పనికి అంత రంపం కావాలా అన్నది వేరే ప్రశ్న.

40 చెట్లు, చెట్టుకు ఎనిమిది రంపం కోతలు వేసుకున్నా ఏడాదికి 320. కొమ్మలు ఎక్కువగా 7 సెం.మీ. లోపే. ఇందుకు పై ధర రంపం అక్కర్లేదు. పళ్ళ కొనలు గట్టిపరిచిన మధ్య ధర రంపం ఈ పని కొన్నేళ్ళు చేస్తుంది. నేల మీద నుంచే అందే లావు కొమ్మలకు, విల్లులాంటి ఫ్రేముకు బ్లేడు బిగించిన విల్లు రంపం ఇంకా చవక. దాని బ్లేడు అరిగితే తీసి పారేసి కొత్తది బిగించడం రెండు నిమిషాల పని. ఫ్రేము జీవితాంతం ఉంటుంది.

విల్లు రంపం బ్లేడు కొనేటప్పుడు ఒకటి చూడండి. పచ్చి కర్రకు, ఎండు కర్రకు బ్లేడ్లు వేరు. పచ్చి కర్ర బ్లేడులో నాలుగు కోసే పళ్ళ తర్వాత నడుమ చీలిక ఉన్న పొట్టి పన్ను ఒకటి ఉంటుంది, తడి పొట్టును గాడిలోంచి లాగి బయట పోసేది అదే. ఎండు కర్ర బ్లేడులో అన్నీ ఒకే రకం త్రికోణం పళ్ళు. ఎండు కర్ర బ్లేడుతో పచ్చి కొమ్మ కోస్తే పొట్టు ముద్దకట్టి బ్లేడు జారుతుంది. చాలామంది రంపాన్ని తిట్టేది ఇక్కడే. తప్పు రంపానిది కాదు, బ్లేడు రకానిది.

#4 పచ్చబెరడు

విల్లు రంపం పంగలోకి దూరదండీ. పండ్ల చెట్ల కత్తిరింపుల్లో సగం కోతలు రెండు కొమ్మల మధ్య ఇరుకులోనే ఉంటాయి. ఫ్రేము పక్క కొమ్మకు తగిలి బ్లేడు కోణం తప్పుతుంది. అప్పుడు జరిగేది రెండింట్లో ఒకటి, మోడు వదిలేయడం లేదా పక్క కొమ్మ బెరడు గీసుకుపోవడం. కింద పడ్డ కొమ్మను ముక్కలు చేయడానికి విల్లు రంపం వాడండి, చెట్టు మీద మడత రంపమో, మడవకుండా ఒరలో పెట్టుకునే ఒర రంపమో వాడండి.

పొడవు గురించి: బ్లేడు కొమ్మ లావుకు కనీసం రెట్టింపు ఉండాలి. 12 సెం.మీ. కొమ్మ మీద 24 సెం.మీ. బ్లేడుకు లాగడానికి మిగిలేది 12 సెం.మీ. మాత్రమే. పైగా ప్రతి పన్నూ తాను తీసిన పొట్టును తన ముందున్న గుంటలో మోసుకుంటూ కొమ్మ దాటాలి. దాటేలోపే గుంట నిండితే ఆ పన్ను ఇంక కోయదు, పొట్టు మీద తేలుతుంది. మీరు ఎంత నొక్కినా లాభం ఉండదు. మీ 12 సెం.మీ. కొమ్మలు అక్కడక్కడే అన్నారు కాబట్టి 24 సరిపోతుంది. అవే ఎక్కువైతే 30 నుంచి 33 సెం.మీ. ఒర రంపం చూడాలి.

#5 ఆకురాయి

పదును సంగతికి వస్తాను. జవాబు పళ్ళ రకాన్ని బట్టి ఉంటుంది.

పళ్ళ వరస వెంట నీలం నలుపు కలిసిన సన్న పట్టీ కనిపిస్తే కొనలను విద్యుత్ ప్రేరణతో ఒక్క క్షణం వేడి చేసి గట్టిపరిచారని అర్థం. కొన మాత్రమే గట్టిపడి, బ్లేడు ఒళ్ళు వంగే గుణంతో మిగులుతుంది. పూత వేసిన బ్లేడులో ఈ రంగు పైకి తెలియకపోవచ్చు, అప్పుడు పెట్టె మీద రాసింది చూసుకోవాలి. ఈ కొనలు మామూలు ఆకురాయి అంత గట్టిగా ఉంటాయి. రుద్దితే ఆకురాయి జారిపోతుంది, అరిగేది ఆకురాయే. వజ్రపు పొడి అద్దిన సన్న ఆకురాయి కోస్తుంది గానీ, మూడు ముఖాల పన్ను మీద మూడు కోణాలూ తప్పకుండా, అన్ని పళ్ళకూ ఒకేలా పట్టాలి. 24 సెం.మీ. బ్లేడులో 30 మి.మీ.కు 8 పళ్ళ చొప్పున 64 పళ్ళు. పన్నుకు మూడు ముఖాలంటే 192 సార్లు. ఒక పన్ను పొట్టిదైతే దాని పని పక్క పన్ను మీద పడి అది ముందే అరుగుతుంది. అందుకే వీటికి బ్లేడు మార్చడమే దారి.

ఆ పట్టీ లేని పాత తరహా రంపానికైతే త్రికోణం ఆకురాయితో హాయిగా పదును పెట్టుకోవచ్చు. బ్లేడును రెండు చెక్కల మధ్య పళ్ళు ఒక సెం.మీ. పైకి ఉండేలా బిగించండి. ముందు చదును ఆకురాయిని పళ్ళ కొనల మీద పొడవునా తేలిగ్గా ఒకటి రెండు సార్లు నడపండి. ప్రతి కొన మీదా చిన్న మెరిసే చుక్క రావాలి. చుక్క పడని పన్ను పొట్టిది. తర్వాత మీకు ఎదురుగా వంగిన పళ్ళను ఒకటి విడిచి ఒకటి రుద్దండి, ముందుకు నెట్టేటప్పుడే, పన్నుకు రెండు మూడు తోపులు, చుక్క మాయమయ్యేదాకా. బ్లేడు తిప్పి మిగిలినవి. చుక్క పోయాక ఇంకో తోపు వేయడమే అందరూ చేసే తప్పు, పన్ను పొట్టిదైపోతుంది.

దీన్ని బట్టి కొనే ముందు అడగాల్సిన మొదటి ప్రశ్న, ఈ రంపానికి విడి బ్లేడు దొరుకుతుందా అని. పదును పెట్టలేని పళ్ళు, విడి బ్లేడు లేని పిడి, రెండూ కలిస్తే అది ఎంత ఖరీదైనా ఒకసారి వాడి పారేసే వస్తువే. దొరికినా, బ్లేడు ఖరీదు కొత్త రంపం ఖరీదుకు దగ్గరగా ఉంటే పెద్దగా కలిసిరాదు.

#6 రంపపుపొట్టు

ఆకురాయి గారి ఆఖరి మాట నేను చెప్పాలనుకున్నదే. ఆ లెక్క వేసే నేను మధ్య ధర అన్నాను.

ఒక విషయంలో మాత్రం ఒప్పుకోను. ఖరీదైన రంపం నునుపుగా కోస్తుంది కాబట్టి గాయం తొందరగా మానుతుందని అమ్మేవాళ్ళంతా చెబుతారు. అది పూర్తిగా నిజం కాదు.

#7 పచ్చబెరడు

అది పూర్తిగా నిజం కాదన్న మీ మాట సరైనదే. నునుపు కంటే కోత ఎక్కడ పడిందన్నదే ముఖ్యం.

అమెరికా అటవీ శాఖలో పనిచేసిన అలెక్స్ షిగో వేల చెట్లను నిలువునా చీల్చి లోపలి గాయాలను చూసిన శాస్త్రవేత్త. ఆయన తేల్చింది ఏమిటంటే, చెట్టు మనిషి చర్మంలా పాత కణజాలాన్ని మాన్పుకోదు. పాడైన భాగం చుట్టూ గోడలు కట్టి దాన్ని విడిగా ఉంచేస్తుంది, పైన కొత్త చెక్క పెరిగి మూసేస్తుంది. ఈ గోడల నమూనాను ఆయన 1977లో వివరించారు. కొమ్మ మొదట్లో కాస్త ఉబ్బెత్తుగా కనిపించే కాలర్‌లో ఆ కాపుదల ఉంటుంది. కాలర్‌ను మానుతో సమానంగా గీసి కోసేస్తే ఎంత నునుపైన కోతైనా కుళ్ళు మానులోకి దిగే దారి తెరిచినట్టే. మోడు వదిలితే అది ఎండి, కొత్త చెక్క దాన్ని దాటుకుని మూసుకోలేక ఏళ్ళ తరబడి తెరిచే ఉంటుంది. గాయం మీద రంగు, తారు పూయడం వల్ల కుళ్ళు ఆగుతుందన్నది కూడా నిలబడలేదు.

అయితే రంపం పాత్ర లేకపోలేదు. సన్న మొన ఉన్న పల్చని బ్లేడు పంగలోకి దూరి, కాలర్ అంచు మీద మీరు పెట్టిన చోటే మొదలవుతుంది. పీకే పళ్ళ రంపం మొదటి రెండు లాగుళ్ళు ఎగిరి కాలర్ మీదో, పక్క కొమ్మ మీదో పడుతుంది. బెరడు అంచు చిరిగి లేస్తుంది. ఆ చిరుగు కింద బెరడుకూ చెక్కకూ మధ్యనున్న పచ్చి పొర ఎండిపోతే, మూసుకునే అంచు అంతమేర వెనక్కి జరిగినట్టే. నునుపుకు విలువ ఉన్నది కోత ముఖం నడిమధ్యలో కాదు, చుట్టూ ఉన్న బెరడు అంచు దగ్గర.

లావు కొమ్మకు మూడు కోతల పద్ధతి ఎవరూ మానకండి. కాలర్‌కు 30 సెం.మీ. అవతల కింది నుంచి లావులో మూడో వంతు మించకుండా మొదటి కోత. అక్కడి నుంచి ఇంకో 3 నుంచి 5 సెం.మీ. బయటికి జరిగి పై నుంచి రెండోది. కొమ్మ బరువుకు అదే విరిగి పడుతుంది, బెరడు చీలిక కింది కోత దగ్గరే ఆగిపోతుంది. మిగిలిన పొట్టి ముక్కను కాలర్ బయటి అంచున, చేత్తో పట్టుకుని, మూడో కోతతో తీసేయాలి. కింది కోత మూడో వంతు దాటితే కొమ్మ కిందికి వాలి గాడి మూసుకుంటుంది, బ్లేడు పట్టుబడిపోతుంది. అప్పుడు బ్లేడును అటూ ఇటూ ఊపి లాగడమే ఖరీదైన రంపాలను వంకర చేసే పని. పట్టుబడితే రంపాన్ని ముట్టకండి. కొమ్మను పైకెత్తించి గాడి తెరిచాక నేరుగా బయటికి తీయండి.

#8 చివురుతోట

చాలా ఉపయోగపడింది. ఇంకో రెండు సందేహాలు. వంపు బ్లేడా, నిటారు బ్లేడా? పెట్టె మీద 30 మి.మీ.కు ఇన్ని పళ్ళు అని ఒకచోట, అంగుళానికి ఇన్ని అని ఇంకోచోట రాస్తున్నారు. ఏది చూడాలి?

#9 వెదురుగుబురు

రెండూ ఒకటేనండీ. జపాన్ తయారీదారులు 30 మి.మీ. లెక్క, మిగతావారు అంగుళం లెక్క వాడతారు. 30 మి.మీ. అంటే 1.18 అంగుళం. అంగుళానికి 7 పళ్ళంటే 30 మి.మీ.కు సుమారు 8 అన్నమాట.

ఎంత కావాలన్నది కొమ్మ లావును బట్టి. 30 మి.మీ.కు 6 లేదా 7 పళ్ళున్నది ముతక రంపం, గుంటలు పెద్దవి, పచ్చి లావు కొమ్మను గబగబా తినేస్తుంది. అదే రంపాన్ని ఒక సెం.మీ. రెమ్మ మీద పెడితే ఒకేసారి రెండే పళ్ళు చెక్క మీద ఉంటాయి, పన్ను తగులుకుని రెమ్మ ఊగుతుంది, బెరడు చిరుగుతుంది. 10, అంతకు పైన ఉన్నవి సన్నపళ్ళ రంపాలు, వెదురుకు, ఎండు కర్రకు, సన్న కొమ్మలకు. వెదురు పైపొర నారలు ముతక పళ్ళకు చీలికలై లేస్తాయి. మీ 3 నుంచి 7 సెం.మీ. కొమ్మలకు 8 చుట్టుపక్కల ఉన్నదే సరైనది.

వంపు బ్లేడు లాగుతుంటే పళ్ళు తమంతట తామే చెక్కలోకి దిగుతాయి, విడిగా నొక్కక్కర్లేదు. తలకంటే ఎత్తున, చెయ్యి చాచి కోసేటప్పుడు అది పెద్ద సాయం. నడుము, రొమ్ము ఎత్తులో, పంగలో, కాలర్ అంచును పట్టుకుని కోయాలంటే నిటారు బ్లేడు చెప్పినమాట వింటుంది. ఒక్కటే కొంటే నేను నిటారే అంటాను. ఎక్కువ కొమ్మలు తలపైన ఉంటే మాత్రం వంపు.

పేర్ల విషయానికి వస్తే, సిల్కీ అన్నది జపాన్‌లోని ఓనో పట్టణపు యూఎమ్ కోగ్యో సంస్థది, 1919 నుంచి ఉంది. వాళ్ళ గోమ్‌బాయ్ 240 నిటారు మడత రంపం, జుబాట్ 330 వంపు బ్లేడు ఒర రంపం. ఆర్స్ కూడా జపాన్‌దే, సకాయి నగరానిది. స్విట్జర్లాండ్ ఫెల్కో వారి 600 బ్లేడు 16 సెం.మీ.లే, 7 లేదా 8 సెం.మీ. దాటిన కొమ్మకు అది చాలదు. బాకో లాప్లాండర్ 19 సెం.మీ., అంగుళానికి 7 పళ్ళు, పళ్ళకు సెట్టు ఉంటుంది. గట్టి రంపం, కొంచెం మొరటు వాడకాన్ని తట్టుకుంటుంది, కోత మాత్రం సాన బ్లేడంత నునుపు కాదు. పచ్చబెరడు గారి రెట్టింపు నియమం పెట్టి చూసుకుంటే ఏది మీకు పొట్టిదో తేలిపోతుంది.

#10 నిలువుకోత

పేరు చూసి మోసపోకుండా చేత్తో పరీక్షించే పద్ధతి కూడా రాస్తాను. పేరున్న రంపాలకు నకళ్ళు ఉన్నాయి, పిడి రంగు దించడం తేలిక, పళ్ళు దించడం కష్టం.

రంపం తెరిచి పళ్ళు పైకి ఉండేలా కంటి ఎత్తున పట్టుకుని, మొన నుంచి పిడి వైపు వెలుతురులో చూడండి. సాన బ్లేడైతే రెండు వరసల మొనలు గీత గీసినట్టు ఉంటాయి, మధ్యలో సన్న లోయ కనిపిస్తుంది. ఒక పన్ను ఎక్కడైనా గీత దాటి ఉంటే అది ప్రతి కోతలోనూ పీకుతుంది. తర్వాత బ్లేడును బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని పళ్ళ దగ్గర నుంచి వెన్ను దాకా జరపండి. పల్చబడటం వేళ్ళకే తెలుస్తుంది, మందం కొలిచే వెర్నియర్ ఉంటే ఇంకా మంచిది. పళ్ళకు వంపు లేదు, మందమూ అంతటా ఒకటే అంటే అది పచ్చి కొమ్మలో తప్పకుండా ఇరుక్కుంటుంది. నకలు రంపాల్లో తరచుగా దొరికే లోపం ఇదే.

లాక్ వేసి బ్లేడు మొనను పక్కలకు కదపండి. మొన దగ్గర ఒకటి రెండు మి.మీ. ఊగితే ఇరుసు బోల్టు బిగిస్తే సరిపోవచ్చు. బిగించినా ఊగితే ఇరుసు రంధ్రం వదులు, అది పెరిగేదే గాని తగ్గదు. ఇరుసు రివెట్టు కొట్టి మూసేసినదైతే కొనకండి. బ్లేడు మార్చలేరు, బిగించలేరు. బోల్టు ఉండాలి.

ఉక్కు గురించి ఎక్కువ తలకెక్కించుకోవద్దు. ఎస్‌కె-5 అంటే కార్బన్ 0.80 నుంచి 0.90 శాతం ఉన్న పనిముట్ల ఉక్కు, ఎస్‌కె-4 అయితే 0.90 నుంచి 1 శాతం. రెండింటితోనూ మంచి రంపం చేయవచ్చు, చెత్త రంపమూ చేయవచ్చు. పెట్టె మీద ఉక్కు పేరు పెద్దగా రాసి పళ్ళ మాట ఎత్తకపోతే అనుమానించండి.

#11 ఆకురాయి

రంపం ఎలా చస్తుందో కూడా తెలిస్తే ఎంత పెట్టాలో తేల్చుకోవడం తేలిక. ఈ రంపాల్లో చాలావాటికి అరుగుదల కంటే ముందే చావు వస్తుంది.

ఎక్కువగా చచ్చేది నెట్టేటప్పుడు. లాగినప్పుడు కోసే బ్లేడును వెనక్కి పంపేటప్పుడు బలం అక్కర్లేదు, కేవలం తిరిగి చోటుకు చేర్చాలి. అక్కడ గట్టిగా తోస్తే, మొన గాడి గోడకు తగిలి ఆగి, పల్చని బ్లేడు మధ్యలో విల్లులా లేచి మడత పడుతుంది. మెల్లని వంపు చేత్తో సరిచేయవచ్చు. పదునుగా మడిచిన గీత పడితే ఇంక నేరుగా రాదు, సరిచేయబోతే అక్కడే విరుగుతుంది. ఇంకో తప్పు, లాగుడులో మొన గాడిలోంచి పూర్తిగా బయటికి వచ్చేసి, తిరిగి తోసేటప్పుడు కొమ్మకు పొడుచుకోవడం. బ్లేడులో ఆఖరి 3 సెం.మీ. ఎప్పుడూ గాడిలోనే ఉండేలా లాగాలి.

రెండో చావు మేకు, కట్టు తీగ, మట్టి. గట్టిపరిచిన కొన గాజులా పెళుసు. తీగకు తగిలితే అరగదు, విరుగుతుంది. ఒకటి రెండు పళ్ళు పోతే రంపం నడుస్తుంది, వరసగా నాలుగైదు పోతే ప్రతి లాగుడులో అక్కడ తట్టుకుంటుంది. చెట్టుకు తీగలు కట్టి ఉంటే, నేలకు ఆనుకున్న పిలకలు కోయాలంటే పాత బ్లేడు వాడండి. ఈ ఒక్క అలవాటు లేనివారికి ఖరీదైన రంపం నిజంగానే దండగ.

మూడోది బంక. మామిడి సొన, నిమ్మజాతి జిగురు, దేవదారు రకాల బంక బ్లేడు పక్కల మీద ఎండితే సాన పట్టి చేసిన ఆ వదులు నిండిపోతుంది. మొద్దుబారిందని అనుకునే రంపాల్లో చాలావరకు బంక పట్టినవే. పాత పళ్ళ బ్రష్షుతో పొట్టు దులిపి, స్పిరిట్ గాని టర్పెంటైన్ గాని రాసి ఐదు నిమిషాలు ఆగి, గుడ్డతో వెన్ను నుంచి పళ్ళ వైపు తుడవండి. పళ్ళ వెంబడి పొడవునా తుడిస్తే గుడ్డా పోతుంది, వేలూ పోతుంది. తర్వాత పల్చగా ఒక చుక్క నూనె. పిడిలోపల బ్లేడు దాగే గాడిని మరిచిపోకండి, తడి పొట్టు నిలిచి తుప్పు మొదలయ్యేది అక్కడే.

#12 పచ్చబెరడు

తెగులున్న చెట్టు తర్వాత శుభ్రం చేయడం గురించి ఒక మాట. రంపం పళ్ళ మధ్య పొట్టు నిలుస్తుంది, కాబట్టి సికేచర్‌ను తుడిచినట్టు పైపైన తుడిస్తే చాలదు. ముందు బ్రష్షు, తర్వాత 70 శాతం ఆల్కహాలు. పొట్టు ఉన్నచోట మందు లోపలికి పోదు. ఒక పాలు ఇంటి బ్లీచు, తొమ్మిది పాళ్ళ నీళ్ళ ద్రావణం కూడా పనిచేస్తుంది గానీ ఉక్కును తినేస్తుంది. వాడితే పని అయ్యాక నీళ్ళతో కడిగి, ఆరబెట్టి, నూనె రాయాలి. యాపిల్, బేరి చెట్లకు వచ్చే ఫైర్ బ్లైట్ లాంటి బాక్టీరియా తెగులు కనిపిస్తే ప్రతి కోతకూ మధ్య ఈ పని చేయాలి. క్రోమ్ పూత ఉన్న నునుపు బ్లేడు శుభ్రం చేయడం చాలా తేలిక. డబ్బు పెట్టినందుకు కనిపించే లాభాల్లో ఇదొకటి, ఎవరూ చెప్పరు.

#13 గట్టుచెట్టు

ఇంతసేపూ రంపం గురించే మాట్లాడారు, చేతి గురించి ఎవరూ మాట్లాడలేదు.

చవక రంపం నుంచి సాన రంపానికి మారినవారికి దెబ్బ తగిలే చోటు ఒక్కటే, ఎడమ చెయ్యి. పాత రంపంతో పది లాగుళ్ళు పట్టే కొమ్మ మూడు నాలుగింటికే తెగిపోతుంది. చెయ్యి ఇంకా గట్టిగా లాగుతూనే ఉంటుంది, బ్లేడు కొమ్మను దాటి పట్టుకున్న చేతి మీదికి వస్తుంది. కొమ్మను పట్టుకున్న చెయ్యి కోతకు కనీసం ఒక జానెడు దూరంలో, బ్లేడు వచ్చే దారిలో లేకుండా ఉండాలి. ఆ చేతికి మందపాటి తొడుగు ఉండాలి. చెక్క చివరి సెం.మీ. మిగిలినప్పుడు లాగుడు సగానికి తగ్గించండి. ఈ పళ్ళ గాయం చాకు గాయంలా ఒక గీత కాదు, మూడు నాలుగు సమాంతర చీలికలు పడతాయి, కుట్లు వేయడం కష్టం.

లాక్ పడిందో లేదో చెవితో కాదు, బ్లేడు వెన్నును అరచేత్తో వెనక్కి నొక్కి చూడాలి. పొట్టు నిండిన లాక్ సగమే పడుతుంది. నిచ్చెన మీద ఉన్నవారు మడత రంపం తెరిచి పైకెక్కవద్దు. ఒర రంపమైతే నడుముకు కట్టుకుని, రెండు కోతల మధ్య ఒరలోనే పెట్టాలి. కొమ్మకు వేలాడదీసిన రంపం కొమ్మ కదిలితే కిందికి వస్తుంది. కరెంటు తీగల దగ్గరి కొమ్మల జోలికి ఏ రంపంతోనూ వెళ్ళొద్దు.

#14 రంపపుపొట్టు

గట్టుచెట్టు గారు చెప్పింది కొనే లెక్కలో కూడా కలపాలి. పని నలుగురి చేతులు మారేచోట, కొత్తవాళ్ళు నెట్టి వాడేచోట పై ధర రంపం పెట్టకండి. అక్కడ మధ్య ధర రంపాలు రెండు పెట్టండి. ఒకే మనిషి, ఒకే చెయ్యి, ఏడాదికి మూడొందల కోతలు, విడి బ్లేడు దొరికే రకం, ఈ నాలుగూ ఉంటే, ముందు మధ్య ధర చాలన్నాను గానీ, ఇప్పుడు నిలువుకోత గారు చెప్పిన సాన రంపమే నా మాట కూడా. ఇందులో ఏ ఒక్కటి తగ్గినా కాదు.

#15 చివురుతోట

ఈ నాలుగూ ఉన్నాయి. 24 సెం.మీ. నిటారు బ్లేడు, 30 మి.మీ.కు 8 పళ్ళు, బోల్టు ఇరుసు, విడి బ్లేడు దొరికే సాన రంపం తీసుకుంటాను. దాంతోపాటే ఒక విడి బ్లేడు ఇప్పుడే కొనాలా, అరిగాక చూసుకోవాలా? అరిగిందని ఎలా తెలుస్తుంది?

#16 ఆకురాయి

ఇప్పుడే కొనండి. మోడల్ మారితే పాత పిడికి బ్లేడు దొరకదు. నూనె రాసి కాగితంలో చుట్టి పెట్టండి.

అరుగుదల తెలుసుకోవడానికి పొట్టును చూడండి. పదునున్న పళ్ళు పచ్చి కొమ్మలోంచి చిన్న చిన్న పీలికలు, రేకుల్లాంటి పొట్టు తీస్తాయి. పొట్టు పిండిలా మెత్తగా వస్తోందంటే పళ్ళు కోయడం మాని నూరుతున్నాయి. ముందు బంక తుడిచి మళ్ళీ చూడండి. తుడిచినా పిండే వస్తుంటే, కోత ఒక పక్కకు వంకరగా పోతుంటే బ్లేడు మార్చే వేళైంది. వంకరగా పోవడం అంటే ఆ పక్క పళ్ళు ఇంకా బాగున్నాయి, రెండో పక్కవి పోయాయని. తీసిన బ్లేడును పారేయకండి, తీగలున్న చెట్లకు, నేల పిలకలకు ఉంటుంది.

బ్లేడు మార్చేటప్పుడు బోల్టును బ్లేడు తన బరువుకు తాను పడిపోనంత బిగువుగా, బొటనవేలితో తెరుచుకునేంత వదులుగా ఉంచండి. మొదటి యాభై కోతల తర్వాత ఒకసారి మళ్ళీ బిగించాలి, కొత్త బ్లేడు సర్దుకునేటప్పుడు అది వదులవుతుంది.